వేలములో ఇల్లు కొనేముందు



మా ఊరిలో "మీ ఇల్లు ఎక్కడ?" అని అడిగితే వీధి పేరు కన్నా ముందు క్వార్టరు నంబరు చెపుతారు. బొగ్గు గనిలో ముప్పది, ముప్పది అయిదేండ్లు పనిచేసినవారు ఆ రెండు గదులలోనే పిల్లలను కని, పెంచి, పెండ్లిండ్లు చేసి, దానినే "మా ఇల్లు" అంటారు. కాని పని దిగిపోయిన తరువాత తాళము కంపెనీకి అప్పగించవలసినదే. పాస్టరు కుటుంబము సంగతి కూడ ఇంతే. సంఘము ఇచ్చిన ఇంటిలో ఉంటాము, బదిలీ కాగితము రాగానే సామాను లారీకెక్కుతుంది. ఇంటి యజమానులు కానివారే ఒకరికొకరు బంధువులైన కుటుంబము మాది.

మా మామగారు కేకే గనిలో పనిచేశారు. 2021లో సింగరేణిలో రిటైర్మెంటు వయస్సును 60 నుండి 61కి పెంచినందున ఆయనకు ఒక సంవత్సరము కలిసి వచ్చింది. పని దిగి, క్వార్టరు అప్పగించి, గ్రాట్యుటీ, ప్రావిడెంటు ఫండు సొమ్ము చేతికి రాగానే ఆయనా అత్తగారూ మాతోనే ఉండసాగారు. ఒకనాడు రాత్రి ప్రార్థన అయిన తరువాత మా శ్రీమతితో, "బిడ్డా, భూమి లోపల ఇన్నేండ్లు బతికిన. భూమి మీద ఒక జాగ నాదని చెప్పుకోవాలె" అన్నారు. ఆ మాటతో మేము ఇండ్లు చూడటము మొదలుపెట్టాము.

మొదట అందరి మాదిరిగానే మందమర్రిలోనే చూశాము. సంఘము ఇక్కడ ఉంది, తెలిసినవారు ఇక్కడ ఉన్నారు, ధర కూడ తక్కువ. ఆ ధర ఎందుకు తక్కువో తెలిసినవారు కొందరే. మందమర్రి ఏజెన్సీ ప్రాంతములో ఉన్నది. 1959లో వచ్చిన భూ బదలాయింపు నిబంధనలను 1963లో తెలంగాణకు కూడ వర్తింపజేశారు. 1970లో వాటిని సవరించారు. ఆ సవరణనే జనము "వన్ ఆఫ్ సెవెంటీ" అంటారు. దాని ప్రకారము ఏజెన్సీలోని స్థిరాస్తిని గిరిజనునికి, లేదా గిరిజనులు మాత్రమే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికి తప్ప మరెవరికీ బదిలీ చేయరాదు. అమ్మేవాడు గిరిజనుడు కాకపోయినా అంతే. అమ్మినా, దానమిచ్చినా, కౌలుకిచ్చినా చెల్లదు. వేలము కూడ అమ్మకమే కదా! మా ఊరి పురపాలక సంఘానికి ఎన్నికలు జరగకపోవడము వెనుక ఉన్నది కూడ ఈ ఏజెన్సీ ప్రశ్నే. 2020 జనవరిలో రాష్ట్రమంతటా మున్సిపల్ ఎన్నికలు జరిగినప్పుడు మందమర్రి, మణుగూరు, పాల్వంచలలో జరగలేదు.

"అందరూ తెల్ల కాగితము మీద కొంటున్నారు కదా అయ్యగారూ" అని మాకు చెప్పినవారు చాలామంది. నిజమే, కొంటున్నారు. నోటరీ ముద్ర వేయించుకొని బీరువాలో దాచుకుంటున్నారు. ఆ కాగితము మీద బ్యాంకు అప్పు ఇవ్వదు, రిజిస్ట్రారు ముట్టుకోడు, అన్నదమ్ములు కోర్టుకెక్కితే నిలబడదు. ఈ చట్టము వల్లనే మనకు కష్టము అని విసుక్కునేవారితో మేము ఏకీభవించము. గోండులు, కోలాములు అప్పు పత్రము మీద వేలిముద్ర వేసి భూమి పోగొట్టుకొన్న చరిత్ర ఈ ఆదిలాబాదు అడవులదే. ఆ సవరణ చెల్లుతుందని సుప్రీంకోర్టు 1988లో తీర్పు చెప్పింది. బలహీనుని సరిహద్దు రాయి జరపకూడదని ధర్మశాస్త్రములో చదివే మనము ఆ రాయి మీద కోపము తెచ్చుకోవడము సబబు కాదు.

కాబట్టి చూపు మంచిర్యాల వైపు తిరిగింది. ఆ పట్టణము ఏజెన్సీలో లేదు. బస్సెక్కితే దూరము కాదు, ఆదివారము ఆరాధనకు రావచ్చు. కాని అక్కడి ధరలు విని మామగారు నోరు మూసుకున్నారు. అప్పుడే దినపత్రికలో ఒక బ్యాంకు వేలము ప్రకటన మా కంటపడింది. రెండు గదులు, వంటిల్లు, ముందు కొంచెము జాగ. రిజర్వు ధర 28 లక్షలు. చుట్టుపక్కల అటువంటి ఇల్లు అంతకన్నా అయిదారు లక్షలు ఎక్కువ పలుకుతున్నది.

ఇక్కడ ఒక మాట. మన సంఘాలలో కోతకాల పండుగనాడు గుమ్మడికాయను వేలము వేస్తాము. ఇరువది రూపాయల కాయను అయిదు వందలకు పాడి, చప్పట్లు కొట్టించుకొని, మళ్లీ వేలానికే ఇచ్చేవారున్నారు. అది దేవుని పనికి గనుక నష్టము లేదు, నవ్వుకుంటూ ఇంటికి పోతాము. వేలం పాట అంటే మనలో చాలామందికి తెలిసినది అదొక్కటే, లేదంటే చిట్టీ పాట. ఆ ఉత్సాహము పెట్టుకొని ఇంటి వేలానికి పోకూడదు. ఇక్కడ పాట ఒక గంట, దానికి ముందు పని ఒక నెల.

ఆ నెల ఎక్కడినుండి వచ్చిందో చెపుతాము. ఇంటిని తాకట్టు పెట్టి తీసుకున్న అప్పు తీరకపోతే, కోర్టుకు పోకుండా బ్యాంకే ఆ ఇంటిని అమ్ముకొనే అధికారము 2002లో వచ్చిన సర్ఫేసీ చట్టము ఇచ్చింది. (వ్యవసాయ భూమికి ఈ చట్టము వర్తించదు, పల్లెల్లో ఉన్న చదువరులు ఇది గుర్తుంచుకోవాలి. పొలము మీద తీసుకున్న అప్పుకు ఎవరైనా ఈ చట్టము పేరు చెప్పి బెదిరిస్తే కాగితము చూపించమనండి.) ముందు అప్పు తీర్చమని అరువది దినముల గడువుతో నోటీసు ఇవ్వాలి. తీరకపోతే స్వాధీన నోటీసు. తరువాత అమ్మకపు నోటీసు. మొదటిసారి వేలానికి ముప్పది దినముల వ్యవధి ఉండాలి, రెండు పత్రికలలో ప్రకటించాలి, అందులో ఒకటి స్థానిక భాషలో ఉండాలి. మొదటి వేలములో ఎవరూ కొనక మళ్లీ వేలము వేస్తే పదునైదు దినములే. కాబట్టి ప్రకటన మీద తేదీ చూసుకొని, చేతిలో ఎన్ని దినాలున్నవో లెక్కపెట్టడము మా మొదటి పని. మాకు ఇరువది ఆరు దొరికాయి.

ప్రకటన అడుగున సన్నని అక్షరాలతో ఒక వాక్యము ఉంటుంది. ఉన్నది ఉన్నట్లు, ఎక్కడున్నది అక్కడ, ఎట్లున్నది అట్లే అమ్ముతున్నామని దాని భావము. మామూలు అమ్మకములో అమ్మేవాడు టైటిలు నాది, బాకీలు లేవు అని రాసి ఇస్తాడు. ఇక్కడ బ్యాంకు అట్లా రాయదు. లోపమేదైనా బయటపడితే అది కొన్నవాని నెత్తి మీదనే. అందుకని బ్యాంకు చెప్పిన దానిని నమ్మకుండా, అనుమానించకుండా, మనకు మనమే వెదకాలి.

మంచిర్యాల సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో ముప్పది ఏండ్లకు ఈసీ తీయించాము. ఇంటి నంబరు మీద ఒకటి, సర్వే నంబరు, ప్లాటు నంబరు మీద మరొకటి. రెండింటిలో ఒకే చరిత్ర కనబడితే సరే, కనబడకపోతే అక్కడ ఆగాలి. పాత లింకు డాక్యుమెంట్ల నకళ్లు బ్యాంకు చూపించింది. ఇంటి పత్రాలు అప్పగించి తీసుకున్న తాకట్టు కొన్నిసార్లు ఈసీలో కనబడదు. అట్టి తాకట్టులను నమోదు చేసే సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీ ఒకటున్నది, కొద్ది రుసుము కట్టి ఎవరైనా వెదకవచ్చు. అదీ చూశాము. హద్దులు కాగితములో ఉన్నట్లే నేల మీద ఉన్నవా అని టేపుతో కొలిచాము. పడమట గోడ ఒక అడుగు లోపలికి ఉన్నది, బయటికి కాదు. ప్రక్కవారి జాగ ఆక్రమించి కట్టలేదని తెలిసి ఊపిరి పీల్చుకున్నాము.

యిర్మీయా ప్రవక్త అనాతోతులోని పొలమును కొన్న వృత్తాంతము మీకందరికీ తెలిసినదే. పట్టణము ముట్టడిలో ఉన్నది, తాను చెరసాలలో ఉన్నాడు, ఆ పొలము శత్రువు చేతిలోనికి పోబోతున్నది. ఆ అధ్యాయము మీద మేము విశ్వాసమును గూర్చి చాలాసార్లు ప్రసంగించాము. ఈసారి ఇంటి పత్రాలు ముందు పెట్టుకొని చదివినప్పుడు కంటపడినవి వేరు. తూచిన వెండి పదునేడు తులములు. సాక్షులు సంతకము చేశారు. పత్రము రెండు ప్రతులు, ఒకటి ముద్ర వేసినది, ఒకటి విప్పియున్నది. రెండింటినీ మట్టికుండలో భద్రము చేయుమని బారూకుకు చెప్పాడు. దేవుడు కొనుమన్నాడు గదా అని కాగితము లేకుండా కొనలేదు.

ఇల్లు ఎవరి స్వాధీనములో ఉన్నది అన్నది ఆ తరువాతి ప్రశ్న. నోటీసులో "సాంకేతిక స్వాధీనము" అని రాసి ఉన్నది. అంటే బ్యాంకు గోడకు కాగితము అంటించింది, మనుషులు మాత్రము ఇంకా లోపలే ఉన్నారు. వారు వెళ్లకపోతే బ్యాంకు కలెక్టరుకు గాని మేజిస్ట్రేటుకు గాని అర్జీ పెట్టుకొని ఖాళీ చేయించి ఇవ్వాలి. అది నెలలు పట్టవచ్చు, సంవత్సరమూ పట్టవచ్చు. అప్పు తీసుకున్నవారు హైదరాబాదులోని రుణ వసూలు ట్రిబ్యునలుకు పోయి, నోటీసు సరిగా ఇవ్వలేదని నిరూపిస్తే అమ్మకమే రద్దు కావచ్చు. అప్పుడు కొన్నవాని సొమ్ము ఎప్పుడు తిరిగి వస్తుందో! అందుకని ట్రిబ్యునలులో ఏ కేసూ లేదని బ్యాంకు చేత కాగితము మీద రాయించుకున్నాము. ఇదివరకు అప్పుదారుడు ఇల్లు కొన్నవాని పేరనయ్యే దాకా బాకీ కట్టి విడిపించుకొనే వీలుండేది. 2016 సవరణతో ఆ హక్కు వేలము ప్రకటన వెలువడటముతోనే ముగుస్తున్నది. 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కూడ అదే చెప్పింది. ఇది కొనేవానికి భద్రత. లోపల ఉన్నవారికి ఏమిటో మీరే ఆలోచించండి.

మేము ఆ ఇంటికి వెళ్లిన దినము ఇంకా కండ్ల ముందున్నది. తనిఖీకి బ్యాంకు ఇచ్చిన తేదీ అది. తలుపు తీసినావిడకు నలుబది ఏండ్లుంటాయి. మేమెవరమో చెప్పకముందే అర్థమైనట్లుంది, ప్రక్కకు జరిగి "చూసుకోండి సార్" అన్నది. ముందు గదిలో పదవ తరగతి పిల్లవాడు పుస్తకము ముందు పెట్టుకొని తల ఎత్తకుండా కూర్చున్నాడు. ఆమె భర్త అప్పు చేసి లారీ కొని నడపలేక పోగొట్టుకున్నాడు, ఇల్లు ఆ అప్పు కింద పోతున్నది.

మామగారు గనివాడు. పైకప్పును చూడటము ఆయనకు అలవాటు. ముప్పది అయిదేండ్లు తల మీది బండను చూసి, కర్రతో తట్టి, శబ్దము విని కింద నిలబడిన మనిషి. ఇక్కడ కూడ గోడలు తట్టారు, కిటికీ మూలల్లో పగుళ్లకు వేలు పెట్టి చూశారు. మన బొగ్గు ప్రాంతములో ఇల్లు కొనేవారు ఇది తప్పక చూడాలి. ఓపెన్‌కాస్టు పేలుళ్లకు దగ్గరి ఇండ్ల గోడలు అదిరి చీలుతాయి, పాత గని మీది నేల కుంగుతుంది. సున్నము కొత్తగా వేసిన చోట మరింత జాగ్రత్తగా చూడాలి, పగులును దాచడానికే వేసి ఉండవచ్చు.

మేము నీళ్ల సంగతి అడిగాము. 2022 జులైలో గోదావరి, రాళ్లవాగు పొంగి మంచిర్యాలలో కాలనీలు మునిగాయి, మాతా శిశు ఆసుపత్రిలోని తల్లులను, పసికందులను వేరేచోటికి తరలించవలసి వచ్చింది. ఆ ఇంటావిడ దాచలేదు. "రెండో మెట్టు దాకా వచ్చినయి సార్, లోపలికి రాలే" అన్నది. తరువాత, మేము అడగకుండానే, "వంటింటి మూలకు వానకాలం కురుస్తది, అది బాగు చేయించుకోవాలె" అని చెప్పింది. ఆ మాటకు మా శ్రీమతి కండ్లు దించుకున్నారు. తన ఇల్లు పోతున్నవేళ, కొనబోయేవానికి దాని లోపము చెప్పేవారు ఎంతమంది ఉంటారు?

తిరుగు బస్సులో ఎవరమూ మాట్లాడలేదు. ఇంటికి వచ్చిన తరువాత మామగారు, "వాళ్లను ఎల్లగొట్టి నేను అండ్ల పండుకోవాల్నా?" అన్నారు. "మనము కొనకపోతే ఇంకొకరు కొంటారు నాయనా" అని మా శ్రీమతి అన్నారు. రెండూ నిజమే. నెహెమ్యా దినములలో జనులు కరువుకు తాళలేక పొలములు, ద్రాక్షతోటలు, ఇండ్లు కుదువపెట్టి మొరపెట్టినప్పుడు, ఆయన కోపగించినది ప్రధానుల మీద, అధికారుల మీద. వారు తమ సహోదరుల కష్టమును లాభముగా చేసుకున్నందుకే. అయితే వేలములో ఇల్లు కొనువాడెవడైనా ఆ గుంపులోనివాడేనా? దీనిని గూర్చి మేము రెండు మూడు దినాలు ఆలోచించాము.

ఒక వకీలు సహోదరుడు మాకు లెక్క చెప్పాడు. అమ్మిన సొమ్ములోనుండి బ్యాంకు తన బాకీ, ఖర్చులు తీసుకొని, మిగిలినది ఇంటి యజమానికి తిరిగి ఇవ్వాలని చట్టమే చెపుతున్నది. చాలకపోతే తక్కువ పడినది వారి వద్దనే వసూలు చేస్తుంది. నోటీసులో చూపిన బాకీ 24 లక్షల పైచిలుకు. వడ్డీ, ఖర్చులు చేరితే ఇంకొంచెము. అంటే ఇల్లు 28 లక్షలకు పోతే ఆ కుటుంబానికి మిగిలేది రెండు మూడు లక్షలు. 31కి పోతే అయిదారు. పాటలో పెరిగే ప్రతి రూపాయి బ్యాంకుది కాదు, ఆ పిల్లవాడి తల్లిదండ్రులది.

ఇది తెలిసిన తరువాతనే దళారి మాట మాకు చేదుగా తోచింది. అతడు ఎక్కడ విన్నాడో మా ఇంటికి వచ్చి, చాయ తాగుతూ, "అయ్యగారూ, పాటకు వచ్చేది ముగ్గురే. ఆ ఇద్దరితో నేను మాట్లాడుత. ఒక్క పెంపుతోనే మీకు వచ్చేస్తది. వాళ్లకు తలా కొంత ముట్టజెప్పుదాం" అన్నాడు. సారా దుకాణాల వేలములో సిండికేటు అని పత్రికలలో చదివినది మా ఇంటి అరుగు మీదికే వచ్చి కూర్చున్నది. మూడు లక్షలు మిగులుతాయి అతని లెక్కలో. అవి ఎవరి జేబులోనుండి మిగులుతాయి? మామగారు లేచి నిలబడి, "చాయ తాగినవు గద, ఇగ పో" అన్నారు. అంతకన్నా మర్యాదగా మేము చెప్పి ఉండేవారము, కాని ఆయన మాట సరిపోయింది. ఇప్పుడు వేలము కంప్యూటరులో జరుగుతున్నందున ఎవరు పాడుతున్నారో ఒకరికొకరికి తెలియకపోవడము మేలే. అయినా ఇటువంటివారు చాయ తాగడానికి వస్తూనే ఉంటారు.

ఆ తరువాత ఇంటాయన తానే మా వద్దకు వచ్చాడు. లక్షెట్టిపేటలో అన్న ఇల్లు ఉన్నదట, అక్కడికి పోతారట. పిల్లవాని పరీక్షలు మార్చిలో, అంతవరకు ఆగితే చాలునన్నాడు. మామగారికి తొందర లేదు, మాతోనే ఉన్నారు. కాని ఇటువంటి మాట నోటితో అనుకొని వదిలేయకూడదు. మంచి మనసుతో ఒప్పుకున్నవే ఏడాది తిరగకముందు కొట్లాటలవుతాయి. ఇల్లు మనకు అప్పగించవలసినది బ్యాంకు. కాబట్టి పాట మాకు వస్తే ఏప్రిల్ పదవ తేదీలోగా ఇల్లు ఖాళీ చేసి బ్యాంకు ద్వారానే అప్పగిస్తామని ఆయన, అంతవరకు అభ్యంతరము లేదని మామగారు, బ్యాంకు అధికారి ముందు రాసి సంతకాలు చేశారు. పాట మరొకరికి పోతే ఆ కాగితానికి విలువ లేదని కూడ ఆయనకు విప్పి చెప్పాము. తలూపాడు.

ఇక ధనము సంగతి. ఇది వివరముగా రాస్తాము, ఎందుకంటే ఇక్కడే చాలామంది ధరావత్తు పోగొట్టుకుంటున్నారు. పాటలో నిలబడాలంటే రిజర్వు ధరలో పదవ వంతు, అంటే మాకు 2 లక్షల 80 వేలు, ముందుగా కట్టాలి. పాట రాకపోతే అది వడ్డీ లేకుండా తిరిగి వస్తుంది. వస్తే అదే దినమో, తరువాతి పనిదినమో, ఆ ధరావత్తుతో కలిపి పాట మొత్తములో నాలుగవ వంతు కట్టాలి. మిగిలిన మూడు వంతులు అమ్మకము ఖరారైన పదునైదు దినములలో కట్టాలి. బ్యాంకు ఒప్పుకొని రాసి ఇస్తే గడువు పెరగవచ్చు, అదీ మూడు నెలలకు మించదు. కట్టకపోతే కట్టినదంతా పోతుంది. తరువాత ఇల్లు మరెవరికి అమ్మినా మనకు చిల్లి గవ్వ రాదు. "పాట వచ్చినాక లోను తీసుకుందాములే" అనుకొనేవారు ఈ పదునైదు దినములను వేళ్ల మీద లెక్కపెట్టి చూసుకోవాలి.

మామగారి వద్ద ఉన్నది మొత్తము 41 లక్షలు. అందులో 5 లక్షలు జబ్బుకు, సుస్తీకి ముట్టకుండా పెట్టాలని అత్తగారు పట్టుబట్టారు, అది న్యాయమే. గనిలో పనిచేసినవాని ఊపిరితిత్తుల మాట ఆమెకు తెలిసినంత మాకు తెలియదు. మిగిలినది 36 లక్షలు. రిజిస్ట్రేషనుకు స్టాంపు డ్యూటీ అన్నీ కలిపి 7.5 శాతము లెక్క వేసుకున్నాము. పైకప్పు, వంటింటి మూల, కరెంటు వైరింగు బాగుచేయడానికి 2 లక్షలు. ఇంటి పన్ను, కరెంటు బకాయిలు 35 వేలు. ఆ బకాయిలు పాత యజమానివి గదా, మనమెందుకు కట్టాలి అని మామగారు అడిగారు. మున్సిపల్ కార్యాలయములో ఇంటి పన్ను బాకీ ఇంటి మీదనే నిలుస్తుంది. కరెంటు సంగతి, పాత బాకీ తీరితేనే కొత్త కనెక్షను అనే నిబంధన ఉన్నచోట కొన్నవాని వద్ద అడగవచ్చునని 2023 మే నెలలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కాబట్టి ముందే లెక్కలో వేసుకోవడము మేలు.

ఇవన్నీ తీసివేసి వెనుకకు లెక్క కట్టితే పాటకు మిగిలేది 31 లక్షలు. అక్కడ రిజిస్ట్రేషను 2 లక్షల 32 వేల 500. అంతా కలిపి 35 లక్షల 67 వేల 500. పాట 31కి తేలితే మరునాడు కట్టవలసినది ఇంకా 4 లక్షల 95 వేలు, పదునైదు దినాలలో 23 లక్షల 25 వేలు. పోస్టాఫీసులో వేసిన డిపాజిట్లు ముందుగా తీస్తే కొంత కోత పడుతుంది, అయినా వాటిలో ఒకదానిని పాటకు ముందే తీయించాము. సొమ్ము మన ఖాతాలో ఉండటము వేరు, కావలసిన దినాన చెల్లించగలగడము వేరు. ఖాతానుండి ఒక్క దినములో ఎంత పంపవచ్చునో కూడ బ్యాంకుకు వెళ్లి అడిగి తెలుసుకున్నాము.

32 ఎందుకు కాకూడదు అని మా శ్రీమతి ఒకసారి అడిగారు. ఆ ఇంటావిడ ముఖము ఆమె మనస్సులో ఉన్నదని మాకు తెలుసు. ఆ కుటుంబానికి ఇంకొక లక్ష మిగులుతుంది, నిజమే. కాని ఆ లక్ష అత్తగారి అయిదు లక్షలలోనుండి రావాలి. సహాయము చేయదలచుకుంటే చేతికి చెయ్యి సహాయము చేయవచ్చు, పిల్లవాని చదువుకు ఇవ్వవచ్చు. దానిని పాటలో కలిపితే, ఉత్సాహమేదో దయ ఏదో ఎవరికీ తెలియకుండా పోతుంది. 31 దగ్గర నిలిచాము.

బ్యాంకుల వేలాల కోసము నడిచే వెబ్‌సైటులో మామగారి పేరు, ఆధారు, పాన్ నమోదు చేయించాము. ఇది చివరి దినాన చేసుకొనే పని కాదు, ధ్రువీకరణకు సమయము పడుతుంది. ఒక్కొక్క పెంపు 25 వేలు. మా నోటీసు ప్రకారము చివరి అయిదు నిమిషములలో ఎవరైనా పాడితే గడువు మరి అయిదు నిమిషములు సాగుతుంది. అట్లా ఎంతసేపైనా సాగవచ్చు. మనిషిని తప్పుదారి పట్టించేది ఆ అయిదు నిమిషములే. అప్పటికి ఇల్లు మనదే అయిపోయినట్లు, ఎవడో లాక్కుంటున్నట్లు అనిపిస్తుంది.

వేలము వచ్చే శుక్రవారము పదకొండు గంటలకు. ఈ సంచిక మీ చేతికి అందే నాటికి అది ముగిసి ఉంటుంది. ధరావత్తు కట్టాము, రసీదు బైబిలులో ఉన్నది. మామగారు తన చిన్న డైరీలో 31 అని రాసి, దాని చుట్టూ గీత గీసి, క్రింద తేదీతో సంతకము చేశారు. నిన్న సాయంకాలము ఫోను తీసి కూతురి చేతికిచ్చి, "మీట నువ్వే ఒత్తు బిడ్డా. నాకు ఆ ఇంటి ముందర ఏపచెట్టు నచ్చింది, నేను ఆగకపోవచ్చు" అన్నారు.